కొత్తగా బిగించిన రేస్ ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే: కంప్రెషనా, లీక్‌డౌనా, కెమెరానా?

నల్గొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట వైపు రేస్ కార్లు చేసుకునే తమ్ముళ్ళు ఎవరు ఫోన్ చేసినా చివరికి ఇదే ప్రశ్న. "అన్నా, బోర్ చేయించిన, పిస్టన్లు కొత్తవి, రింగులు కొత్తవి, అయినా ఆయిల్ తాగుతుంది. కంప్రెషన్ చూడాల్నా, లీక్‌డౌన్ చూడాల్నా?" రెండింట్లో ఒకటే చెప్పమంటే లీక్‌డౌన్ (సిలిండర్‌లోకి గాలి వదిలి ఎంత కారిపోతోందో చూసే పరీక్ష) అంటాను. కానీ ఆయిల్ విషయంలో ఆ రెండింటికన్నా ముందు చూడాల్సింది ఇంకోటి ఉంది, దాన్నే ఎవరూ అడగరు.

ఇది ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి. రేసంటే మనకు చాలాసార్లు దూరమే. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో బండిని ట్రైలర్ మీద రాత్రంతా మోసుకెళ్ళాలి, అక్కడికి పోయాక మొదటి సెషన్‌లోనే పొగ కొడితే డబ్బు, సెలవు రెండూ పోయినట్టే. (2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్లు తిరిగాయి, నిజమే, కానీ వాటికి ఆయిల్ తాగే బాధే లేదు కదా.)

కంప్రెషన్ టెస్ట్ సంగతి ముందు తేల్చేద్దాం. స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పి, ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో గేజితో చూడటమే ఇది. గేజి చవక, పని తొందరగా అయిపోతుంది, రోడ్డు బండికైతే సరిపోతుంది. రేస్ ఇంజిన్‌లో పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచి మూసే కడ్డీ) వేస్తాం కాబట్టి ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, స్టార్టర్ తిప్పే నెమ్మది వేగంలో పిస్టన్ పైకి వస్తూ కొంత గాలిని వెనక్కే తోసేస్తుంది, అందుకే ఇంజిన్ బ్రహ్మాండంగా ఉన్నా అంకె తక్కువే వస్తుంది, అది చూసి జనం టెన్షన్ పడతారు. ఇంకో తమాషా ఏంటంటే, బాగా ఆయిల్ తాగే సిలిండర్‌లో రింగుల చుట్టూ ఆయిల్ నిలిచి సందులన్నీ మూసేస్తుంది, గేజి మీద అంకె పెరుగుతుంది. అంటే జబ్బున్న సిలిండరే మిగతా మూడింటికన్నా ఆరోగ్యంగా కనబడుతుంది! చెంచాడు ఆయిల్ పోసి అంకె పెరుగుతుందా అని మళ్ళీ చూసే పద్ధతి కూడా ఇక్కడ పెద్దగా పనికిరాదు, లోపల ముందే తడిసి ఉంది మరి.

లీక్‌డౌన్ అలా మోసం చేయదు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి 100 పీఎస్ఐ గాలి వదిలి, ఎంత శాతం కారిపోతోందో చూస్తాం. పంక్చర్ షాపు కంప్రెసర్ చాలు, క్రాంక్ తిరగకుండా గట్టిగా పట్టుకోవాలి అంతే. అంకెకన్నా దీని అసలు బలం చెవిలో ఉంది. గాలి చప్పుడు థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్ దగ్గర వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత తీస్తే లోపల హోరుమంటే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. మంచి రేస్ ఇంజిన్ వేడి మీద 5 శాతం లోపు ఉండాలంటారు, నా మాటైతే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసిన ఇంజిన్‌కు బోర్‌లో క్లియరెన్స్ (సిలిండర్ గోడకూ పిస్టన్‌కూ మధ్య సందు) ఎక్కువ ఇస్తారు, చల్లగా ఉన్నప్పుడు కొలిచి రింగులు పోయాయని ఏడవొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రెండు గేజిలూ కొలిచేది గాలిని. ఆయిల్‌ని కాదు. పిస్టన్ చుట్టూ మూడు రింగులుంటాయి. గాలిని ఆపేది పై రింగు, కొంతవరకు రెండో రింగు. ఆయిల్‌ని గీకి కిందికి పంపేది మూడోది, దానికి గాలిని ఆపే పనే లేదు. అందుకే లీక్‌డౌన్ 3 శాతం చూపించే ఇంజిన్ కూడా నీలి పొగ కొడుతూ ఆయిల్ తాగగలదు. తాగుతుంది కూడా. "లీక్‌డౌన్ బాగుందన్నా, రింగులు మంచిగున్నయ్, హెడ్ దింపి వాల్వ్ సీళ్ళు మారుస్తా" అనేవాళ్ళు సరిగ్గా ఇక్కడే పడతారు.

ఆ మూడో రింగు మూడు ముక్కలు: సన్నటి పట్టీలు రెండు, మధ్యలో మెలికల స్ప్రింగు. స్ప్రింగు రెండు కొసలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఆనాలి. పిస్టన్‌ను బోర్‌లోకి దింపేటప్పుడు ఒక కొస ఇంకోదాని మీదికి ఎక్కిందంటే స్ప్రింగులో బిగువు పోతుంది, పట్టీలు గోడను ఒత్తవు, ఇక గీకేదేం లేదు. బయటికి ఏమీ తెలియదు, ఇంజిన్ చక్కగానే తిరుగుతుంది. కొన్ని కంపెనీలు ఆ కొసలకు రెండు వేర్వేరు రంగులు వేసేది ఇందుకే, రెండు రంగులూ కనబడితేనే సరిగ్గా కూర్చున్నట్టు. రెండో రింగు తలకిందులుగా వేసినా అంతే, ఆయిల్‌ని కిందికి గీకాల్సింది పైకి తోడుతుంది. దాని మీద చుక్క గుర్తు పైకి ఉండాలి. ఇంకో రకం కూడా చూస్తున్నాం: రాపిడి తగ్గుతుందని తక్కువ బిగువున్న ఆయిల్ రింగులు తెప్పించుకుంటారు, అవి వ్యాక్యూమ్ పంపు (ఇంజిన్ లోపలి గాలిని లాగేసేది) ఉన్న ఇంజిన్లకు చేసినవి, మన మామూలు సంప్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఇంజిన్‌లో వేస్తే తాగక ఏం చేస్తుంది?

అందుకే నా ఓటు కెమెరాకు. ఫోన్‌కు తగిలించే సన్నటి ఎండోస్కోప్ ప్లగ్ రంధ్రంలోంచి దింపి పిస్టన్ తల చూడండి. కాస్త నడిచిన ఇంజిన్‌లో తల మొత్తం సన్నగా నల్లబడాలి. అంచు చుట్టూ గాజులాగా మెరిసే వలయం కనిపిస్తే, కార్బన్ పట్టకుండా అక్కడ ఏదో కడిగేస్తోందన్నమాట, అది రింగుల పక్క నుంచి పైకొచ్చే ఆయిల్. తల నిండా మామూలుగా నల్లబడి, ఇన్‌టేక్ వాల్వ్ వెనక వైపు తడిగా జిడ్డుగా ఉంటే తప్పు గైడు, సీలుది (వాల్వ్ కాడ జారే గొట్టం, దాని దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బరు). ప్లగ్గులు కూడా ఇదే చెబుతాయి: చుట్టూ తడిస్తే రింగులు, ఇన్‌టేక్ వైపు ఒక పక్కే తడిస్తే గైడు. నాలుగు సిలిండర్లలో ఒకటే అలా ఉంటే బిగింపులో తేడా, నాలుగూ ఒకేలా ఉంటే హోనింగ్ (బోర్ గోడను సాపు చేసే పని), రింగుల ఎంపిక, లేదంటే బ్రీథర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం).

పొగ ఎప్పుడొస్తోందన్నది దీనికి తోడు సాక్ష్యం. లోడు మీద లాగేటప్పుడు వస్తే రింగులు. యాక్సిలరేటర్ వదిలేసి వంపులోకి దిగి, మళ్ళీ తొక్కగానే గుప్పుమంటే గైడ్లు, ఎందుకంటే థ్రాటిల్ మూసినప్పుడు ఇన్‌టేక్‌లో పుట్టే వ్యాక్యూమ్ ఆయిల్‌ని వాల్వ్ కాడ వెంట లాగేస్తుంది. మీ వెనకాల కార్లో వచ్చేవాడిని అడగండి, మీకు అద్దంలో ఇంత స్పష్టంగా కనబడదు.

రేస్ కారులో ఇంకోటుంది. ఆయిల్ తగ్గింది అంటే కాలిందనే కాదు. పొడవాటి వంపుల్లో హెడ్‌లో ఆయిల్ ఒక పక్కకు పోగై బ్రీథర్ గొట్టంలోంచి బయటపడుతుంది. ఆ గొట్టం చివర పెట్టే క్యాచ్ క్యాన్‌లో (ఆయిల్ పట్టే డబ్బా) ఎంత పడిందో ప్రతి సెషన్ తర్వాత కొలవండి, తగ్గిన ఆయిలంతా అందులోనే కనిపిస్తే ఇంజిన్ విప్పే పనే లేదు, క్యామ్ కవర్‌లో బాఫిల్ (ఆయిల్‌కు అడ్డు పలక) పెట్టించుకోండి. దీనికి తిరకాసు కూడా ఉంది: మిక్చర్ బాగా రిచ్‌గా (పెట్రోలు పాళ్ళు ఎక్కువగా) ఉంటే పెట్రోలు సంప్‌లోకి దిగి డిప్‌స్టిక్ మీద మట్టాన్ని నిలబెడుతుంది, మీరేమో తాగట్లేదనుకుంటారు. డిప్‌స్టిక్ వాసన చూడండి.

చిక్కటి ఆయిల్ పోయడం, డబ్బా మందులు కలపడం: పొగ తగ్గుతుంది, జబ్బు పోదు. ఆయిల్‌ను ల్యాబ్‌కు పంపడం బేరింగులు అరుగుతున్నాయేమో చూడ్డానికి మంచిదే, దీనికి కాదు.

ఇక వెంటనే విప్పాలా, కొన్నాళ్ళు నడిపి చూడాలా? కెమెరాలో అన్ని సిలిండర్లూ ఒకేలా కొద్దిగా మెరుస్తూ, లీక్‌డౌన్ ప్రతిసారీ కాస్త తగ్గుతూ వస్తుంటే ఆగండి, రింగులు ఇంకా కూర్చుంటున్నాయి. వాటిని కూర్చోబెట్టేది లోడు, ఐడిల్ కాదు. కొత్త ఇంజిన్‌ను గంటలకొద్దీ ఆగిన చోట తిప్పితే బోర్ గోడ నున్నబడిపోతుంది, ఆ తర్వాత ఎంత నడిపినా రింగు పట్టదు. మొదట మినరల్ ఆయిలే పోయండి. ఒక్క సిలిండర్ మాత్రమే మెరుస్తుంటే మాత్రం ఎదురుచూడొద్దు, ఇంజిన్ దించండి.

విప్పినప్పుడు రింగులు పీకేముందే కొసలు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి, లేకపోతే తప్పు బిగింపుదా, బోర్ చేసిన లేత్ షాపుదా అన్న గొడవ తెగదు. మళ్ళీ హోనింగ్‌కు ఇచ్చేటప్పుడు టార్క్ ప్లేట్ (హెడ్ బదులు బిగించే మందపాటి పలక) బిగించి చేస్తారా అని అడగండి. హెడ్ బోల్టులు బిగిస్తే బోర్ గుండ్రం కాస్త మారుతుంది, ప్లేట్ లేకుండా గుండ్రంగా చేసింది హెడ్ ఎక్కగానే వంకరవుతుంది. అదెందుకని అడిగేవాడి దగ్గర బ్లాక్ పెట్టకండి, హైదరాబాద్ దాకా మోసుకెళ్ళినా సరే.