రాడ్‌కా, రీల్‌కా? చేపల గాలం వేటలో డబ్బు ఎక్కడ పెట్టాలో చెరువులోనూ ఉప్పునీళ్లలోనూ వాడాక తేలిన లెక్క

ముందే తేల్చి చెప్పేస్తాను. చెరువుల్లో, కాలువల్లో కప్ప బొమ్మ వేసి కొర్రమీను కోసం తిరిగేవాళ్లు రాడ్ మీద ఎక్కువ పెట్టండి. భీమిలి రాళ్ల మీదో, అంతర్వేది దగ్గర గోదావరి మొగలోనో ఉప్పునీళ్లలో పట్టేవాళ్లు రీల్ మీద పెట్టండి. గట్టున రాడ్ నిలబెట్టి పిండి ఎరతో బొచ్చెకు, రోహుకు కూర్చునేవాళ్లకు రెండూ ఖరీదైనవి అక్కర్లేదు. వాళ్లకు కావలసిన రీల్ రకమే వేరు. ‘రీల్ మంచిది కొను, రాడ్ ఏదైనా ఒకటే’ అని అందరికీ ఒకే మందు రాసే సలహాతో నాకు పేచీ ఉంది. రీల్ అరుగుతుంది, రాడ్ విరుగుతుంది. అరుగుదల ఎక్కువున్న చోట డబ్బు రీల్‌కు వెళ్లాలి, విసురుడు ఎక్కువున్న చోట రాడ్‌కు వెళ్లాలి.

ఆరేళ్లుగా వాడకంలో ఉన్నవి మూడు జతలు. 7 అడుగుల మీడియం హెవీ కార్బన్ రాడ్‌కు చవక 3000 సైజు రీల్. 9 అడుగుల కార్బన్, ఫైబర్‌గ్లాస్ కలిపిన రాడ్‌కు నీళ్లు చొరకుండా సీల్ ఉన్న 5000 సైజు రీల్. 10 అడుగుల టెలిస్కోపిక్ గ్లాస్ రాడ్‌కు ఫ్రీ స్పూల్ రీల్. కింద రాసిందంతా వీటి మీద తేలిందే.

కొర్రమీనుతో మొదలుపెడదాం. తెలంగాణలో కొర్రమట్ట అంటారు, ఆ రాష్ట్ర చేప కూడా. ఇది గుర్రపుడెక్క పక్కన, తామరాకుల సందుల్లో పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. అక్కడే బొమ్మ పడాలి. ఒక పొద్దున రెండు మూడు వందల సార్లు విసరాల్సి వస్తుంది, అదీ 8 నుంచి 15 గ్రాముల బొమ్మను 20, 25 మీటర్ల దూరంలో చేటంత ఖాళీలోకి. ఈ పనంతా రాడ్‌దే. రీల్ చేసేది దారం దాచుకోవడం, చుట్టడం. చేప పడ్డాక కూడా పరుగు తీయనివ్వం. తీయనిస్తే నాచులోకి దూరి దారం చుట్టేస్తుంది. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా వదిలే బ్రేకు, దాదాపు బిగించేసి లాగడమే కనుక, ఖరీదైన రీల్‌లో ఉండే మెత్తటి డ్రాగ్‌కు ఇక్కడ పని పడేది చాలా తక్కువ.

చవక రాడ్ ఎక్కడ దెబ్బ తీస్తుందంటే, విసరగల బొమ్మ బరువు ఇంత అని పిడి పైన రాసిన అంకె దగ్గర. 10–30 గ్రాములు అని రాసి ఉంటుంది, 10 గ్రాముల బొమ్మ కడితే కొన వంగనే వంగదు. రాడ్ వంగకపోతే బొమ్మను మన చెయ్యే తోయాలి. దూరం పోదు, గురి కుదరదు, రెండు గంటలకే మణికట్టు లాగేస్తుంది. దీనికి విరుగుడని మెత్తటి రాడ్ కొంటే ఇంకో చిక్కు. కప్ప బొమ్మకు రెండు గాలాలు వీపు మీద పైకి తిరిగి ఉంటాయి, చేప నొక్కినప్పుడే బయటపడతాయి. కొర్రమీను నోరు ఎముకల నోరు. అది అందుకున్నాక ఒకటి, రెండు అని లెక్కపెట్టి, సడలిన దారం చుట్టుకుని గట్టిగా కొట్టాలి. మెత్తటి రాడ్ ఆ దెబ్బంతా తానే మింగేస్తుంది, గాలం దిగదు. కొన పావు భాగం మాత్రమే చురుగ్గా వంగి, కింది భాగం మొండిగా నిలిచే ఫాస్ట్ యాక్షన్ రాడ్ కావాలి. ఈ రెండు గుణాలూ ఒకే కర్రలో రావాలంటే కార్బన్ బట్ట నాణ్యంగా ఉండాలి, చుట్టడం సమానంగా ఉండాలి. రాడ్‌లో ధర పెరిగేది ఇక్కడే, ఆ తేడా ప్రతి విసురులోనూ చేతికి తెలుస్తుంది.

రింగుల సంగతి చాలామంది చూడరు. అడుగుకు ఒక రింగు, కొన రింగు అదనం అన్నది పాత లెక్క. 7 అడుగుల రాడ్‌కు ఐదే రింగులుంటే వంగినప్పుడు దారం కర్రకు రాసుకుంటుంది, బరువు రింగుకీ రింగుకీ మధ్య ఒకే చోట పడుతుంది. రింగు లోపల పొదిగిన వలయం కూడా ముఖ్యం. తంగూసుతో వాడినన్నాళ్లు ఏ రింగైనా నడుస్తుంది. పోగులు అల్లిన బ్రెయిడ్ దారం మాత్రం మెత్తటి లోహపు రింగును రంపంలా కోసి గాడి చేస్తుంది. ఆ గాడే తర్వాత దారాన్ని తెంపుతుంది. అల్యూమినియం ఆక్సైడ్ వలయం చాలు, సిలికాన్ కార్బైడ్ అయితే ఇంకా మేలు. నెలకోసారి చిన్న దూది ఉండను ప్రతి రింగులో తిప్పి చూడండి. పోగు పట్టుకుందంటే అక్కడ పగులు ఉన్నట్టే.

అయినా కొర్రమీను రీల్‌ను మరీ గాలికి వదిలేయకూడదు. రీల్‌లో వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్ ఒకటుంటుంది. 40 పౌండ్ల బ్రెయిడ్ సాగదు కాబట్టి కొట్టిన దెబ్బ నేరుగా ఆ క్లచ్ మీద పడుతుంది. చవక రీళ్లలో రెండో సీజన్‌కే అది జారడం మొదలవుతుంది, కొట్టగానే హ్యాండిల్ పావు చుట్టు వెనక్కి తిరుగుతుంది. కొన్నిసార్లు అసలు తప్పు ఎవరో ఆ క్లచ్‌కు గ్రీజు దట్టంగా రాయడం. అక్కడ గ్రీజు పనికిరాదు, పల్చటి నూనె ఒక్క చుక్కకు మించకూడదు. కాబట్టి బేరింగులు ఎన్ని అని కాదు, హ్యాండిల్ వెనక్కి తిప్పితే ఎంత ఆట ఉంది అని చూసి కొనండి. పెట్టె మీద పన్నెండు బేరింగులు అని రాసుంటే మురిసిపోవద్దు. మూత ఉన్న మంచి బేరింగులు నాలుగుంటే రీల్ ఏళ్ల తరబడి నడుస్తుంది. నాసిరకం పన్నెండూ పన్నెండు చోట్ల తుప్పు పడతాయి.

మొత్తం ఐదు వేలు ఉంటే నా పంపకం ఇది: రాడ్‌కు రెండున్నర వేలు, రీల్‌కు పదిహేను వందలు, దారానికి ఏడు వందలు, మిగిలింది బొమ్మలకు. దారం నాలుగు పోగుల 30 నుంచి 40 పౌండ్ల బ్రెయిడ్ 100 మీటర్లు చాలు, ఎనిమిది పోగులది అక్కర్లేదు. నాలుగు పోగులది కాస్త గరగరమంటుంది కానీ గడ్డికి ఓర్చుకుంటుంది. దారం చుట్టుకునే స్పూల్ అడుగున ముందు తంగూసు నాలుగైదు చుట్లు వేసి దానికి బ్రెయిడ్ ముడివేయండి. నేరుగా బ్రెయిడ్ చుడితే మొత్తం చుట్ట స్పూల్ మీద జారి తిరుగుతుంది, చూసినవాళ్లు డ్రాగ్ పోయిందనుకుని రీల్ మార్చేస్తారు. స్పూల్ అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు కిందవరకు నింపాలి. పొంగేలా నింపితే విసిరినప్పుడు చుట్లు ఒకేసారి లేచి చిక్కుముడి పడుతుంది, తక్కువ నింపితే దూరం పోదు. ఈ ఒక్క జాగ్రత్త ఇచ్చే లాభం రీల్‌కు అదనంగా పెట్టే రెండు వేలు కూడా ఇవ్వదు. పిల్లల గుంపును కాచుకుంటున్న జంట మీద మాత్రం బొమ్మ వేయకండి. నీళ్ల మీద ఎర్రగా పిల్లలు ముసురుకుని కనిపిస్తే పక్కకు తప్పుకోవాలి. తల్లీతండ్రుల్ని తీసేస్తే మిగతా చేపలు ఆ పిల్లల్ని గంటలో ఊడ్చేస్తాయి.

ఇక ఉప్పునీళ్లు. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

రాళ్ల మీద నుంచి పార చేప పడిందంటే ఒక్క ఊపులో నలభై, యాభై మీటర్లు లాగుతుంది. మొగలో పండుగప్ప గెంతి తల విదిలిస్తుంది. ఆ సమయంలో దారాన్ని తెగకుండా కాపాడేది డ్రాగే. డ్రాగ్‌ను దారం తెగే బలంలో నాలుగో వంతుకు పెట్టాలి. 30 పౌండ్ల బ్రెయిడ్ అంటే సుమారు పదమూడున్నర కిలోలు, అందులో నాలుగో వంతు మూడు కిలోలపై చిల్లర. స్ప్రింగ్ కాటాను దారం కొసకు తగిలించి, రాడ్ సగం వంచి లాగి చూస్తే అంకె తెలిసిపోతుంది. చేత్తో అంచనా వేస్తే దాదాపు అందరూ తక్కువే పెడతారు. ఇక్కడ చూడాల్సింది పెట్టె మీద రాసిన ‘గరిష్ఠ డ్రాగ్ 10 కిలోలు’ కాదు. లాగడం మొదలైన క్షణంలో స్పూల్ పట్టుకుని ఆగి తర్వాత జర్రున జారుతోందా, లేక మొదటి అంగుళం నుంచే ఒకేలా జారుతోందా అన్నది చూడాలి. చవక రీళ్లలో డ్రాగ్ బిళ్లలు ఉన్ని గుడ్డవి. తడిస్తే, వేడెక్కితే పట్టు మారిపోతుంది. కార్బన్ బిళ్లలు అలా మారవు. పెన్ కంపెనీ తన రీళ్లలో హెచ్‌టీ-100 పేరుతో వాడేవి ఈ కార్బన్ బిళ్లలే. ఆ పరుగు మధ్యలో డ్రాగ్ తడబడితే దారం తెగుతుంది, లేదా గాలం నిటారుగా సాగిపోతుంది. రాడ్ ఎంత ఖరీదైనదైనా అప్పుడు కాపాడలేదు.

రెండో శత్రువు ఉప్పు. చవక రీల్ సముద్రం ఒడ్డున ఒక్క సీజన్ నిలిస్తే గొప్ప. మొదట చచ్చేది దారం మలుపు తిరిగే లైన్ రోలర్. అది దారాన్ని స్పూల్ మీదికి మళ్లించే వంపు తీగ, అంటే బెయిల్ చివర వేలి గోరంత ఉంటుంది, ఉప్పూ ఇసుకా పట్టి తిరగడం మానేస్తుంది. తిరగని రోలర్ మీద దారం ఒకేచోట రాసుకుని గాడి చేస్తుంది, దారం పీచు లేస్తుంది. తర్వాత హ్యాండిల్ బేరింగు, ఆ తర్వాత లోపలి జింకు గేరు. గేరు పళ్లు అరిగాక హ్యాండిల్ తిప్పుతుంటే ఇసుక నములుతున్నట్టు చేతికి తగులుతుంది. అక్కడి నుంచి బాగు చేయించినా వృథానే. సీల్ ఉన్న రీల్‌కు అదనంగా పెట్టే డబ్బు ఈ వరుసను ఆపడానికే. పెన్ స్పిన్‌ఫిషర్ ఆరో తరం రీళ్లకు ఐపీఎక్స్5 స్థాయి సీల్ ఉంది, అంటే గొట్టంతో కొట్టిన నీటి ధారను తట్టుకునే రక్షణ. అలాగని ఇసుకలో పడేయమని కాదు. డైవా మాగ్‌సీల్డ్ రీళ్లలో నీరు చొరకుండా అయస్కాంతం పట్టి ఉంచే నూనె ఉంటుంది. అక్కడ ఇంట్లో మామూలు నూనె పోస్తే ఆ రక్షణ చెడుతుంది. కొనేముందే అది తెలిసి ఉండాలి.

ఇంటికి వచ్చాక చేయాల్సింది పది నిమిషాల పని. డ్రాగ్ పూర్తిగా బిగించండి, లేకపోతే నీళ్లు బిళ్లల్లోకి దిగుతాయి. కుళాయి నీళ్లు మెల్లగా పోస్తూ ఒక నిమిషం కడగండి. పీడనంతో కొట్టే గన్ వాడితే ఉప్పు బయటకు రాదు, లోపలికే వెళుతుంది. విదిలించి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెట్టండి. బిగించి ఉంచేస్తే ఉన్ని బిళ్లలు అణిగిపోతాయి. ఆరాక రోలర్‌కు, బెయిల్ కీళ్లకు, హ్యాండిల్ పిడికి ఒక్కో చుక్క నూనె. తుప్పు వదిలించే స్ప్రే నూనెకు బదులు కాదు, అది ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. ఏడాదికోసారి పక్క మూత విప్పి గేరుకు కొత్త గ్రీజు పెట్టాలి.

సముద్రపు రాడ్ మీద ఎందుకు తగ్గించవచ్చో కూడా చెప్పాలి. రాళ్ల మీద రాడ్ పడుతుంది, రాసుకుంటుంది. ఎక్కువ టన్నుల కార్బన్ అని అమ్మే రాడ్లు తేలికగా, చురుగ్గా ఉంటాయి కానీ పెళుసు. రాయి తగిలి గోటి గీతంత గాయమైతే ఆ రోజు ఏమీ కాదు, నెల తర్వాత చేప లాగేటప్పుడు సరిగ్గా అక్కడే ఫట్‌మంటుంది. గ్లాస్, కార్బన్ కలిపినది బరువెక్కువైనా మొరటుగా ఓర్చుకుంటుంది. 1976 నుంచి వస్తున్న షేక్‌స్పియర్ అగ్లీ స్టిక్ ఈ కలగలుపు రాడ్లకే పేరు పడింది. 9 అడుగుల రాడ్‌తో నిమిషానికి ఒకసారి విసరం, కాబట్టి ఆ బరువును చెయ్యి భరిస్తుంది. పది వేలలో రీల్‌కు ఐదున్నర, రాడ్‌కు రెండున్నర, బ్రెయిడ్‌కు పన్నెండు వందలు, మిగిలింది బ్రెయిడ్‌కూ గాలానికీ మధ్య కట్టే 40 పౌండ్ల తంగూసు లీడర్‌కు, గాలాలకు. పండుగప్ప మొప్ప అంచు బ్లేడులా కోస్తుంది, లీడర్ లేకుండా బ్రెయిడ్ నేరుగా కట్టవద్దు.

రాడ్ విరిగినప్పుడు కంపెనీని తిట్టేముందు పట్టిన కోణం గుర్తు చేసుకోండి. చేప కాళ్ల దగ్గరికి వచ్చాక రాడ్‌ను నిట్టనిలువుగా ఎత్తితే బరువంతా సన్నటి కొన మీదే పడుతుంది. ఎక్కువ రాడ్లు అక్కడే పోతాయి. ఒక లీటరు నీళ్ల సీసా దారానికి కట్టి, రాడ్‌ను నేలకు సమాంతరంగా పట్టి ఎత్తి చూడండి. ఒక్క కిలోకే ఎంత వంగుతుందో చూస్తే, రెండు కిలోల చేపను రాడ్‌తో గాల్లోకి ఎత్తకూడదని అర్థమవుతుంది. అందుకు వల బుట్ట ఉండాలి. రెండు ముక్కల రాడ్ కీలు విసిరే కొద్దీ వదులవుతుంది, అరగంటకోసారి నొక్కండి. వదులు కీలుతో విసిరితే బయటి గొట్టం నిలువునా చీలుతుంది.

పిండి ఎర సంగతికి వస్తే, తవుడు, వేరుశనగ చెక్క కలిపి స్ప్రింగ్ గాలానికి ముద్ద పెట్టి, రాడ్ స్టాండు మీద వదిలేస్తాం. పెద్ద బొచ్చె పడి లాగితే డ్రాగ్ బిగించి ఉన్న రాడ్ స్టాండుతో సహా నీళ్లలోకి పోతుంది. దీనికి వెనక మీట ఉన్న ఫ్రీ స్పూల్ రీల్ కొనండి. బెయిట్‌రన్నర్ అని అడిగితే దొరుకుతుంది. మీట వేస్తే స్పూల్ వదులుగా తిరుగుతూ దారం ఇస్తుంది, హ్యాండిల్ తిప్పగానే అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. రాడ్ చవక టెలిస్కోపిక్ చాలు. దానిలో విరిగేది చివరి సన్నటి ముక్క, విడిగా మార్చుకోవచ్చు. మూసేటప్పుడు కొన ముక్క నుంచి కాక, లావు ముక్క నుంచి మొదలుపెట్టి మూయండి. ముక్కలు ఇరుక్కుపోతే తిప్పుతూ లాగాలి, కొట్టకూడదు.

రాడ్ ఏ ధరదైనా ఒక్కటి మర్చిపోవద్దు. కార్బన్‌లో కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీదుగా పోయే తీగల కింద 10 అడుగుల రాడ్ నిలువుగా ఎత్తి నడవవద్దు, మబ్బు పట్టి ఉరిమితే రాడ్ కింద పెట్టి గట్టు దిగిపోండి.

సెకండ్ హ్యాండ్‌లో రాడ్ ధైర్యంగా కొనవచ్చు. చేత్తో కర్రంతా తడిమి, గీత తగలకపోతే, దూది పరీక్షలో రింగులు నెగ్గితే చాలు. రీల్ మాత్రం విప్పి చూపిస్తేనే కొనండి. పక్క మూత తీస్తే గ్రీజు రంగే చరిత్ర చెబుతుంది. తేనె రంగులోనో, తెల్లగానో ఉంటే మంచిదే. బూడిద రంగులో మెరుస్తూ ఉంటే అందులో కలిసింది అరిగిన గేరు పొడి, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.