తెలుగు పేర్లున్న ఫైళ్లకు పేర్లు మార్చే స్క్రిప్టు కొనేవారికి ఒక హెచ్చరిక

వందల ఫైళ్ల పేర్లను ఒక్కసారిగా మార్చిపెడుతుందని చెప్పిన ఒక పైథాన్ స్క్రిప్టును (పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామును) కడపలో 1,500 రూపాయలిచ్చి కొన్నాను. అది నడిచిన రెండు నిమిషాల్లో, ఆరేళ్లు ఊరూరా తిరిగి రికార్డు చేసుకున్న జానపద గేయాల్లో 63 పోయాయి. ఎంత ప్రయాసపడినా వాటిలో 32 ఇప్పటికీ దొరకలేదు. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి స్క్రిప్టులు కంప్యూటర్ దుకాణాల్లో, డీటీపీ సెంటర్లలో, ఫోటో స్టూడియోలలో ఒకరి దగ్గరి నుంచి ఒకరికి చేతులు మారుతూ ఉంటాయి కనుక, ఒక దుకాణాన్ని తప్పించుకున్నంత మాత్రాన మీ ఫైళ్లకు రక్షణ ఉండదు. లోపం ఎక్కడ ఉందో తెలిస్తేనే ఉంటుంది. తెలుగు అక్షరాలతో ఫైళ్లకు పేర్లు పెట్టుకునే వారంతా దీన్ని చివరిదాకా చదవాలని కోరుతున్నాను.

నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. 2016 నుంచి 2022 దాకా జమ్మలమడుగు, ముద్దనూరు, మైదుకూరు, సిద్ధవటం ప్రాంతాల పల్లెల్లో పెద్దవాళ్లు పాడిన నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, గొబ్బి పాటలు, చెక్కభజన కీర్తనలు చిన్న రికార్డరుతో పట్టుకున్నాను. ఊరికొక ఫోల్డరు పెట్టి, అందులో ప్రతి పాటకూ దాని పేరే తెలుగులో రాసుకున్నాను. అలా 37 ఫోల్డర్లలో 864 ఫైళ్లయ్యాయి. వాటిని ఒక గ్రంథాలయానికి ఇవ్వదలచినప్పుడు, ఫైళ్ల పేర్లలో ఖాళీలు, కామాలు, బ్రాకెట్లు ఉండకుండా చూడమన్నారు. అన్నిటినీ చేత్తో ఒక్కొక్కటిగా మార్చడం నా చూపుకు సాధ్యమయ్యే పని కాదు కనుక, తెలిసినవారు చెప్పగా ఆ దుకాణానికి వెళ్లాను.

అక్కడి అబ్బాయి మర్యాదస్తుడే. ముందు ఎలా పనిచేస్తుందో చూపిస్తానని, ఆంగ్లంలో పేర్లున్న పది ఫోటోలను ఒక ఫోల్డరులో వేసి స్క్రిప్టు నడిపాడు. ఖాళీలు, బ్రాకెట్లు మాయమై పేర్లు పొందికగా వచ్చాయి. తెలుగు పేర్లతో కూడా చూపమని అడిగితే, ‘కడప 1’, ‘కడప 2’ అని రెండు ఫైళ్లు చేసి మళ్లీ నడిపాడు. అవి ‘కడప1’, ‘కడప2’ అయ్యాయి. నాకు నమ్మకం కలిగింది. అయినా అసలు డిస్కు మీద వద్దు, నకలు తీసి దాని మీద చేద్దామా అని అడిగాను. “ఏం కాదు సార్, పేర్లే కదా మారేది, లోపల పాట యాడికి పోతాది?” అన్నాడు. ఆ మాట సమంజసంగానే తోచింది. ఇవాళ ఈ హెచ్చరిక రాస్తున్నది ప్రధానంగా ఆ ఒక్క మాట గురించే. పేరు మార్చడమే కదా, లోపలిది పోదు అన్నది నిజం కాదు.

స్క్రిప్టు పూర్తయ్యాక తెర మీద 864 ఫైళ్ల పేర్లు మార్చినట్టు వచ్చింది. డబ్బు ఫోనులోనే పంపి ఇంటికి వచ్చాను. రాత్రి భోజనాలయ్యాక డిస్కు పెట్టి మొదట తెరిచినది సిద్ధవటం వైపు ఒక పల్లెలో శివరాత్రి జాగరణకు పాడిన కీర్తనల ఫోల్డరు. అందులో ‘శివ భజన’ అని నేను పేరు పెట్టుకున్న ఫైలు ‘శవభజన’ అయి ఉంది. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాను. దాని కింద ‘గొబ్బి పాట’ ఉండాల్సిన చోట ‘గబబపట’ అని ఉంది. ఫోల్డరు తరవాత ఫోల్డరు తెరుస్తూ పోతే ఒక్క పేరుకూ గుడి లేదు, కొమ్ము లేదు, దీర్ఘం లేదు, సున్న లేదు, ఒత్తు లేదు. చివరికి ఫైళ్లు లెక్కపెట్టాను. 801 ఉన్నాయి.

మరునాడు, కంప్యూటర్ పని తెలిసిన నా పాత శిష్యుడొకడు ఇంటికి వచ్చి ఆ స్క్రిప్టును తెరిచి చూశాడు. నలభై వరుసలకు మించి లేదు. తప్పంతా రెండు వరుసల్లో ఉంది.

మొదటిది అక్షరాలను ఏరే వరుస. పైథాన్‌లో బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న డబ్ల్యూ రాస్తే ‘అక్షరం, అంకె, లేదా అడుగు గీత’ అని అర్థం. ఆ స్క్రిప్టు ఈ గుర్తుకు లోబడని ప్రతిదాన్నీ తీసేస్తుంది. ఖాళీలు, కామాలు పోవాలంటే ఇది తేలిక దారి. ఆంగ్లానికి ఏ ఇబ్బందీ రాదు. తెలుగుకు వచ్చేసరికి, కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ లెక్కలో క, గ, మ వంటివి మాత్రమే అక్షరాలు; వాటికి తగిలే దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం, పొల్లు, సున్న అన్నీ అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే చిహ్నాలు. వత్తక్షరం కూడా లోపల హల్లు, పొల్లు, మరో హల్లుగానే నిలవ ఉంటుంది కనుక, పొల్లు ఎగిరిపోతే ‘అమ్మ’ కాస్తా ‘అమమ’ అవుతుంది. పైథాన్ ఈ చిహ్నాలను ఆ గుర్తులో చేర్చుకోదు. అందువల్ల కామాతో పాటు గుణింతమంతా చెత్తలోకి పోయింది. దుకాణంలో చూపించినప్పుడు ఇది బయటపడకపోవడానికి కారణం, ‘కడప’ అన్న పేరులో మూడూ తలకట్టు అక్షరాలే కావడం. ఆ అబ్బాయి పరీక్షకు ముద్దనూరు అని రాసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. జావాస్క్రిప్ట్ అనే మరో కంప్యూటర్ భాషతో రాసిన వాటిలో ఇంకా ఘోరం. అక్కడ అదే గుర్తుకు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప మరేదీ లోబడదు కాబట్టి తెలుగు పేరు మొత్తం ఊడ్చుకుపోతుంది.

పేర్లు పాడైతే కూర్చొని దిద్దుకోవచ్చు. ఫైళ్లు పోవడానికి కారణం రెండో వరుస. పైథాన్‌లో ఫైలు పేరు మార్చడానికి ‘ఓఎస్ డాట్ రీనేమ్’ అనే ఆదేశం ఉంది. విండోస్‌లో, కొత్త పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే అది పని ఆపి తప్పు చూపిస్తుంది. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ‘ఓఎస్ డాట్ రీప్లేస్’ అనేది కూడా ఉంది. ఇది ఆగదు, అడగదు. పాత ఫైలును తీసేసి దాని స్థానంలో కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. నేను కొన్న స్క్రిప్టులో రీనేమ్ వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి దాన్ని పనిచేయకుండా చేసి, దాని కిందనే రీప్లేస్ రాసి ఉంది. ఎవరో ఎప్పుడో తప్పు వచ్చి ఆగిపోతోందని ఇలా మార్చి ఉంటారని నా శిష్యుడు అన్నాడు. ఆగిపోవడమే ఫైళ్లకు కాపలా అని ఆ మార్చినవారికి తట్టలేదు. విండోస్‌కు బదులు కొందరు వాడే లైనక్స్‌లో అయితే రీనేమ్ కూడా కిమ్మనకుండా పాతదాని మీద రాసేస్తుంది కనుక, అక్కడ కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫైళ్లను తరలించే ‘షుటిల్ డాట్ మూవ్’ కూడా పూర్తి పేరు ఇచ్చి నడిపితే ఉన్నదాన్ని చెరిపేయగలదు.

ఈ రెండు వరుసలూ కలిస్తే ఏమవుతుందో ఒక ఫోల్డరుతో చెబుతాను. ముద్దనూరు దగ్గరి పల్లెలో ఒక అవ్వ నాకు మూడు పాటలు పాడి ఇచ్చింది. దుక్కి దున్నేటప్పటి నాగలి పాట, చవితినాడు పుట్ట దగ్గర పాడే నాగుల పాట, పెండ్లికూతురికి సొమ్ములు పెట్టేటప్పటి నగల పాట. వాటి గుణింతాలు తీసేసి చూడండి. మూడూ ‘నగలపట’ అవుతాయి. స్క్రిప్టు మొదట నగల పాటకు ఆ పేరు పెట్టింది, తరవాత నాగలి పాటను దాని మీద కూర్చోబెట్టింది, చివరికి నాగుల పాటను ఆ రెండో దాని మీద పెట్టింది. మూడు ఫైళ్లకు మూడుసార్లు పేరు మార్చినట్టు లెక్క వేసుకుంది కాబట్టి తెర మీద 864 అనే చూపింది. ఆ అంకె అబద్ధం కాదు. మిగిలింది నాగుల పాట ఒక్కటే.

ఆ అవ్వ నాగలి పాట ఎత్తుకునే ముందు, “ఇది ఇప్పుడు ఎవురికి కావల్ల నాయనా, అంతా ట్రాక్టర్లే కదా” అన్నది కూడా ఆ రికార్డులో ఉండేది. ఆమె 2021లో పోయింది. ఆ పాట ఆ ఊళ్లో మరొకరికి పూర్తిగా రాదు. 1,500 రూపాయలను తిరిగి రాబట్టుకోవడం నాకు ముఖ్యం కాదని ఇందుకే అంటున్నాను.

దుకాణానికి వెళ్లి ఇదంతా వివరించాను. మార్చింది పేర్లేనని, ఫైళ్లు ముందే తక్కువ ఉండి ఉండవచ్చని అన్నారు. నడపడానికి ముందు ఎన్ని ఉన్నాయో, ఏ పేరు ఏ పేరుగా మారిందో చూపే జాబితా ఏదీ స్క్రిప్టు మిగల్చలేదు కాబట్టి నా దగ్గర రుజువు నా నోటుపుస్తకమే. రసీదు కూడా తీసుకోలేదు. మీరు తప్పక బిల్లు అడగండి, అందులో ఏ పనికి డబ్బు తీసుకున్నారో రాయించండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. కానీ కాగితం లేకపోతే వాదన బలహీనమవుతుంది.

కొనక ముందు చేయాల్సిన పరీక్ష చాలా చిన్నది. ఒక ఖాళీ ఫోల్డరులో ‘నాగలి’, ‘నాగుల’, ‘నగల’, ‘శివ’, ‘ముద్దనూరు’ అని అయిదు ఫైళ్లు చేసి ఇవ్వండి, ఒక్కొక్కదానిలో వేరే వేరే మాట రాసి ఉంచండి. స్క్రిప్టు నడిచాక అయిదూ ఉన్నాయా, గుణింతాలు నిలిచాయా, లోపలి మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయా చూడండి. అమ్మేవారు తమ సొంత ఫైళ్లతో చూపిస్తామంటే ఒప్పుకోకండి. ఆ తరవాత, అసలు పేర్లు మార్చకుండా పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన జాబితాగా మాత్రమే చూపే ఏర్పాటు ఉందా అని అడగండి. సరిగా రాసిన స్క్రిప్టు ముందు ఆ జాబితా తయారు చేసి, అందులో ఒకే కొత్త పేరు రెండుసార్లు వస్తే ఏదీ ముట్టుకోకుండా ఆగిపోతుంది. పని అయ్యాక ఆ జాబితాను ఒక ఫైలులో దాచి ఉంచుతుంది, దానితో అవసరమైతే పేర్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇవి రాయడానికి పది పదిహేను వరుసలు చాలు. లేవంటే ఆ స్క్రిప్టు ధర ఎంతైనా వద్దనండి.

ఇంకొక మాట. పేర్లను ‘శుభ్రం’ చేయడానికి అక్షరాలను ఏరి ఉంచడం కన్నా, ఉండకూడని వాటిని మాత్రమే తీయమని చెప్పడం మేలు. విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోని ముద్రణ గుర్తులు తొమ్మిదే. వాటికి మీకు అక్కరలేని ఖాళీలు, కామాలు, బ్రాకెట్లు చేర్చుకుంటే సరిపోతుంది, తెలుగు జోలికి పోనక్కరలేదు. తప్పనిసరిగా ఏరాల్సి వస్తే, యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన గడి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు మొత్తాన్ని ఉంచమని రాయించండి. మైదుకూరులోని ఐత్వం కూడా ఒకే గుర్తుగానో, రెండు గుర్తుల కలయికగానో నిలవ ఉండవచ్చు. కంటికి ఒకటిగా కనిపించే రెండు పేర్లు యంత్రానికి వేరు కావడం ఇందువల్లనే. పేర్లు పోల్చే ముందు రెంటినీ ఒకే రూపంలోకి తెస్తుందా అని కూడా అడగాలి. వరుస సంఖ్యలు వేయించేవారు 001, 002 అని సున్నలతో వేయించుకోండి, లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో 1 తరవాత 10 వచ్చి కూర్చుంటుంది.

నకలు విషయంలో ఎవరి మాటా వినకండి. ఇదే కడపలో సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులను పెట్టుకొని, తాళపత్ర ప్రతులకు నకళ్లు రాయించి, వాటిని పోల్చి దిద్దించారు. దిద్దుబాటు నకలు మీద జరగాలన్నది ఈ ఊరికి కొత్త సంగతి కాదు. పిల్లలకు పాఠంలో చెప్పిన ఆ విషయాన్ని నా డిస్కు దగ్గర నేను పాటించలేదు.

ఇప్పటికే ఇలాంటి స్క్రిప్టు నడిపి ఫైళ్లు తగ్గినట్టు గమనిస్తే, ఆ క్షణమే డిస్కు తీసి పక్కన పెట్టండి. ఇలా చెరిగిన ఫైలు రీసైకిల్ బిన్‌లో ఉండదు. కానీ డిస్కులో దాని చోటు ఖాళీ అని గుర్తు పడుతుందే గాని, వేరే సమాచారం వచ్చి పడేదాకా పాతది అక్కడే ఉంటుంది. నేను తెలియక రెండు రోజులు అదే డిస్కులో కొత్త రికార్డులు వేశాను. ఫైళ్లను వెలికితీసేవారు 22 పాటలు తీసి ఇచ్చారు, అవీ పేర్లు లేకుండా. మరో 9 పాటలు ఇదివరకు స్నేహితుల ఫోన్లకు పంపినవి దొరికాయి. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ రకం డిస్కులలో ఖాళీ అయిన చోటును అదే శుభ్రం చేసుకుంటుంది కనుక అక్కడ ఈపాటి ఆశ కూడా తక్కువ. మిగిలిన ఫైళ్లలో ఏది ఏ పాటో తేల్చుకోవడానికి ఒక ఆధారం ఉంది. పేరు మారినా, ఫైలును చివరిసారి సవరించిన తేదీ, సమయం మారవు. నేను రికార్డు చేసిన రోజు, వేళ నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకొని రోజుకు ఇరవై, ముప్పై చొప్పున పాటలకు వాటి పేర్లు తిరిగి పెడుతున్నాను.