నార్స్‌మన్ విమానం కిట్: మూడు రకాల కాళ్లు, జానెడు రెక్క

నల్లగొండలో నాది వెల్డింగ్ షాపు. ట్రాక్టర్ ట్రాలీలు, ఆటో బాడీలు కడతాం. సాగర్ పోయినప్పుడల్లా పైన తిరిగే చిన్న శిక్షణ విమానాలు చూసి మా చిన్నోడు, "నాన్నా, దీని రెక్కలు నెత్తి మీద ఎందుకున్నయి?" అని అడిగేవాడు. నోటితో చెబితే సరిపోదనిపించి 2,400 పెట్టి ఈ కిట్ తెప్పించాను. నూర్డైన్ నార్స్‌మన్ అనే విమానం బొమ్మ, ప్లాస్టిక్ ముక్కలు అతికించి చేసేది, పొడవులో అసలు దాంట్లో 72వ వంతు.

అసలు విమానం కెనడాది. రోడ్లు లేని అడవుల్లోకి మనుషులనీ సరుకునీ మోయడానికే రాబర్ట్ నూర్డైన్ దీన్ని గీశాడు. 1935 నవంబర్ 14న మొదటిసారి నీళ్ల మీద నుంచే లేచింది. రెక్క పైనుంటే తలుపుకు అడ్డు రాదు. విమానాన్ని ఒడ్డుకు ఆనించి మూటలు నేరుగా ఎక్కించొచ్చు. ట్రాలీకి డాలా ఎటు పెట్టాలని మేం చూసుకునేదీ ఇదే.

నాకు బాగా నచ్చింది కాళ్ల దగ్గరి పని. బాడీ కింద రెండు వైపులా పొట్టి బుడిపెలు ఉన్నాయి. అసలు విమానంలో ఒక్కో కాలునూ రెండేసి బోల్టులతో వీటికే బిగిస్తారు. చక్రాలు తీసి నీళ్లకైతే ఫ్లోట్లు (పడవల్లా తేలేవి), మంచుకైతే స్కీలు (జారే పట్టీలు) పెడతారు. రెండు బోల్టుల్లో పని అయిపోయేలా ఆలోచించిన మనిషికి దండం పెట్టాలనిపించింది. కిట్‌లో మూడు రకాలూ ఇచ్చారు. స్టీల్ పైపులు వెల్డింగ్ చేసిన చట్రం మీద గుడ్డ కప్పిన విమానం కదా, ఆ గుడ్డ కింద పట్టీలు ఉబ్బినట్టు సన్నని గీతలు కూడా ప్లాస్టిక్‌లో వచ్చాయి. టార్చి పక్క నుంచి కొడితే బాగా కనిపిస్తాయి.

రెక్కకు ఊతమిచ్చే కమ్మీల బొక్కలకు మాత్రం లోతు చాలదు. గమ్ పెట్టి వదిలేస్తే రెక్క ఒక పక్కకు వాలుతుంది. రెండు వైపులా అగ్గిపెట్టెలు పేర్చి, రాత్రంతా కదపకుండా ఉంచాను. ఇంజన్ మూత దగ్గర సందుకు పుట్టీ పెట్టి ఎమరీ పేపర్ కొట్టాల్సిందే.

ఒక స్కీ విరిగి వచ్చింది. ఆన్‌లైన్‌లో అమ్మినవాళ్లకు ఫొటోలు పంపి రెండు వారాలైనా జవాబు లేదు. పిల్లలు ఆశగా ఎదురుచూసే వస్తువును అట్లా పల్చటి అట్టపెట్టెలో పంపడం తప్పు.

అయినా మళ్లీ కొంటాను. పెద్దవాళ్లు పక్కన కూర్చుంటే పదేళ్ల పిల్లలు చేయగలరు.

మాది ఫ్లోట్ల మీద నిలబెట్టాం. మొన్న మావాడు పక్కింటి దోస్తుకు దాని తలుపు చూపించి, "రెక్క ఈడుంటే మూటలు ఎట్ల ఎక్కిస్తరు మరి?" అన్నాడు.