వెనక చక్రాల బండి, మిషిగన్ చలికాలం, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో టైర్లు

మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉంటూ ఎక్స్‌డ్రైవ్ (బీఎండబ్ల్యూ వాళ్ళ ఆల్ వీల్ డ్రైవ్) లేని బీఎండబ్ల్యూ కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ళు కనపడినప్పుడల్లా అడిగేది ఒకటే, చలికాలం ఎలా నెట్టుకొస్తున్నావయ్యా అని. బండి 330ఐ, సెకండ్ హ్యాండ్, ఒట్టి రియర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజన్ వెనక చక్రాలనే తిప్పుతుంది. చక్కగానే నడుస్తోందండీ, కాకపోతే మెచ్చుకోవాల్సింది కింద వేసిన మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో టైర్లని. పార్టీల్లో ప్లేటు చేత్తో పట్టుకుని ప్రతి ఒక్కరికీ సగం సగం చెప్పే బదులు ఒకసారి వివరంగా రాసేస్తే లింకు పంపి ఊరుకోవచ్చు కదా అని ఇది.

వానాకాలంలో నల్లరేగడి దారిలో పాత ఇన్నోవా దిగబడటం చూసినవాళ్ళకి అసలు సమస్య ఏంటో వేరే చెప్పక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతూ, నెట్టడానికి వచ్చినవాళ్ళ మొహాన బురద కొడతాయి. స్నోలోనూ అంతే. మామూలు ముందు చక్రాల బండ్లలో ఇంజన్ బరువంతా నడిపే చక్రాల మీదే కూర్చుంటుంది, మొత్తం బరువులో దాదాపు 60 శాతం ముందే ఉంటుంది. 3 సిరీస్‌లో అటూ ఇటూ ఇంచుమించు సగం సగం. పికప్ ట్రక్కుల్లో వెనకంతా ఖాళీ కాబట్టి ఇంకా ఘోరం, అందుకే ఇక్కడివాళ్ళు డిసెంబరు రాగానే ట్రక్కు వెనక ఇసక బస్తాలు వేసుకుని తిరుగుతారు. బయల్దేరడం ఒక్కటే కాదు, జారడంలోనూ తేడా ఉంది. ముందు చక్రాలు పట్టు తప్పితే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. వెనకవి తప్పితే తోక పక్కకి వచ్చేస్తుంది, అప్పుడు తోక ఎటు పోతే స్టీరింగ్ అటే తిప్పి, కాలు మెల్లగా తీసి, కళ్ళు వెళ్ళాల్సిన వైపే పెట్టాలి. చెప్పడం తేలికే, మొదటిసారి మాత్రం ప్రాణాలు అరచేతిలో ఉంటాయి.

బండితో వచ్చినవి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు. వాటితో స్నోలోకి వెళ్ళాలన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 ఫారెన్‌హీట్ దగ్గర్నుంచే ఆ రబ్బరు బిగుసుకోవడం మొదలవుతుంది, మరీ గడ్డకట్టే చలిలో బండి కదిపితే ట్రెడ్ (రోడ్డుకి తగిలే రబ్బరు) పగుళ్ళు వచ్చే ప్రమాదం ఉందని తయారీదార్లే హెచ్చరిస్తారు. జనవరి పొద్దున గరాజ్ బయట రెండు రకాలూ పక్కపక్కన పెట్టి బొటనవేలి గోరుతో నొక్కి చూశా. సమ్మర్ టైరు బల్ల చెక్కలా ఉంది, ఎక్స్-ఐస్‌లో గోరు దిగింది. దాని ట్రెడ్ దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి గాట్లు ఉంటాయి, అవి మంచుని కరుచుకుంటాయి. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు వెతకండి. ఉత్తి ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని ఉంటే అది ట్రెడ్ ఆకారం గురించే, స్నోలో టెస్ట్ చేశారని దాని అర్థం కాదు.

ఇక అసలు సంగతి. స్నో పడ్డాక ఆదివారం ఖాళీగా ఉన్న ఓ పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళి, 20 మైళ్ళ స్పీడులో బ్రేక్ గట్టిగా తొక్కా. కాలి కింద ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకు వ్యవస్థ) గరగరమంటూ వణికింది, బండి వంకర పోకుండా నిలబడింది. తర్వాత మలుపు తిప్పుతూ కావాలనే యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే తోక ఓ జానెడు పక్కకి జరిగింది, డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు టపటపా కొట్టుకుంది, కంప్యూటర్ పవర్ కోసేసింది, బండి మళ్ళీ దారిలోకొచ్చింది. కొత్తగా రియర్ వీల్ డ్రైవ్ తీసుకున్న ప్రతి ఒక్కరూ ఈ పని ఒకసారి చేసి తీరాలి. ఆ తోక కదిలే ఫీలింగ్ నడుముకి ముందే తెలిసుంటే రోడ్డు మీద కంగారు పడరు.

రోడ్డు మీద నాకు ఎక్కువగా పరీక్ష పెట్టేది టెలిగ్రాఫ్ రోడ్డు మీద మిషిగన్ లెఫ్ట్. నేరుగా ఎడమకి తిరగనివ్వరు, ముందుకెళ్ళి డివైడర్ మధ్యలో యూ టర్న్ తీసుకోవాలి. అక్కడ చక్రాలు తిప్పి ఉంచి, ట్రాఫిక్‌లో సందు చూసుకుని చటుక్కున ఎక్కాలి, తోక తిరగడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ఎక్స్-ఐస్ టైర్లతో కాలు సుతారంగా వేస్తే ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. సందు చిన్నదైతే వదిలేస్తా, వెనకవాడు హారన్ కొట్టుకున్నా సరే.

ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళకి కోపం వస్తుందేమో గానీ ఒక మాట. నాలుగు చక్రాలూ తిరగడం బయల్దేరడానికి పనికొస్తుంది, ఆగడానికి పనికిరాదు. బ్రేకులు అన్ని బండ్లకీ నాలుగు చక్రాలకే ఉంటాయి. అరిగిన ఆల్ సీజన్ టైర్ల మీద పెద్ద ఎస్‌యూవీ వేసుకుని, స్నోలో నన్ను దాటుకుపోయి, తర్వాతి సిగ్నల్ దగ్గర గీత దాటి కూడలి మధ్యకి జారిపోయినవాళ్ళని చూస్తూనే ఉంటాను. నన్నడిగితే ఎక్స్‌డ్రైవ్‌కి పెట్టే డబ్బుల్లో సగం టైర్లకి పెట్టినా ఎక్కువ లాభం.

అలాగని అన్నీ చేసేయవు. రోడ్డు మీద మంచు తోసే స్నో ప్లో ట్రక్కు వెళ్ళాక డ్రైవ్‌వే మొదట్లో మోకాలెత్తు గట్టు వదిలిపెట్టి పోతుంది చూశారూ, దాని ముందు ఈ బండి చేతులెత్తేస్తుంది, ఎందుకంటే పొట్ట కిందకి ఉంటుంది. పార పట్టాల్సిందే. ఏటవాలు డ్రైవ్‌వే మీద ఆగి మళ్ళీ ఎక్కించడం కూడా కష్టమే. అప్పుడు డీఎస్‌సీ (జారకుండా పవర్ కోసే కంప్యూటర్) బటన్ ఒకసారి కొద్దిగా నొక్కితే డీటీసీ మోడ్ వస్తుంది, చక్రాలు కాస్త తిరగనిస్తుంది, ఆ ఊపుతో బయటపడొచ్చు. బ్లాక్ ఐస్ (కంటికి కనపడని పలచటి మంచు పొర) మీద ఏ టైరైనా జారొచ్చు, వంతెనల మీద స్పీడు తగ్గించుకోవాలి. చలి 15 ఫారెన్‌హీట్ కిందకి పోతే రోడ్డు మీద చల్లిన ఉప్పు కూడా పెద్దగా పనిచేయదు.

ఈ టైర్లతో పొడి రోడ్డు మీద స్టీరింగ్ మెత్తబడుతుంది, బీఎండబ్ల్యూ కొన్నది ఆ స్టీరింగ్ కోసమే అయితే నాలుగు నెలలు మనసు చంపుకోవాలి. ఫ్రీవే మీద సన్నటి ఊళ ఉంటుంది, పాటలు పెట్టుకుంటే వినపడదు. కంపెనీ 40,000 మైళ్ళ వారంటీ ఇస్తుంది, వింటర్ టైర్లలో అది బాగానే ఉన్నట్టు లెక్క. ఏప్రిల్‌లో తీసేయకుండా ఎండాకాలం కూడా తిప్పితే మాత్రం పెన్సిల్ రబ్బరులా అరిగిపోతాయి.

ఖర్చు తడిసి మోపెడవుతుంది. 18 అంగుళాల సైజులో ఒక్కో టైరు 200 డాలర్లు దాటుతుంది, వేరే రిమ్‌లు, ప్రెజర్ సెన్సర్లు కలిపితే ఇంకా పెరుగుతుంది. అయినా వేరే రిమ్‌లే నయం, ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కించే కూలీ తప్పుతుంది. సమ్మర్‌కి నా బండికి ముందు 225, వెనక 255 మిల్లీమీటర్ల వెడల్పు. వింటర్‌కి నాలుగూ 225 పెట్టించా. సన్నటి టైరు మంచుని చీల్చుకుని కిందకి దిగుతుంది, పైగా ముందువి వెనక్కి మార్చుకోవచ్చు. ఇవి ఒకే దిశలో తిరగాల్సిన టైర్లు, పక్కన బాణం గుర్తు ఉంటుంది. నేను వెళ్ళిన షాపువాళ్ళు కుడివైపు రెండూ తిరగేసి బిగించారు. చూపిస్తే ఏం ఫర్వాలేదు, నడుస్తుందన్నారు. అక్కడే నిలబడి మార్పించుకుని వచ్చా, మీరు కూడా డబ్బులిచ్చే ముందు నాలుగు బాణాలూ చూసుకోండి. బోల్టులు 140 న్యూటన్ మీటర్లకి బిగించాలి, ఓ 50 మైళ్ళు తిరిగాక మళ్ళీ చూసుకోవాలి. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి సుమారు 1 పీఎస్‌ఐ గాలి తగ్గుతుంది కాబట్టి టైర్ ప్రెజర్ లైటు వెలిగితే పంక్చరేనని టెన్షన్ పడకండి. ఫ్యాక్టరీ రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) తీసేసి ఇవి వేస్తే మాత్రం బండిలో స్టెప్నీ ఉండదు, డిక్కీలో గాలి పంపు, ప్లగ్ కిట్ పెట్టుకోండి, మిషిగన్ గుంతల సంగతి తెలిసిందే.

టెస్లా మోడల్ 3 రియర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే రీజెన్ (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కరెంటు పంపడం) వెనక చక్రాలనే ఆపుతుంది కాబట్టి జారే రోడ్డు మీద కాలు ఒక్కసారిగా తీయకుండా మెల్లగా తీయాలి. దిగబడితే మెనూలో చక్రాలు కాస్త తిరగనిచ్చే స్లిప్ స్టార్ట్ ఉంటుంది.

కొనేవాళ్ళు అక్టోబరులోపే కొనండి. మొదటి స్నో పడ్డ మర్నాడు ఫోన్ చేస్తే మన సైజు ఉండదు, ఉన్నా బిగించడానికి అపాయింట్‌మెంట్ దొరకదు. కెనడాలో క్యూబెక్‌లో ఉన్నవాళ్ళకైతే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి, వాళ్ళకి ఈ చర్చే లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండి, వేసవి టైర్లు దాచడానికి చోటు లేక బాల్కనీలో పేర్చుకునే పరిస్థితి అయితే, కొన్ని టైర్ షాపులు సీజన్‌కి ఇంతని తీసుకుని దాస్తాయి, బేరం ఆడేటప్పుడే అది కూడా కలిపి అడగండి.