మొదటి రేంజ్‌ఫైండర్‌గా ఏది మేలు: యాషికానా, కెనానెట్టా, జోర్కీనా?

పాత రేంజ్‌ఫైండర్ (పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తూ, మధ్యలో కనిపించే రెండు బొమ్మలను ఒకటి చేసి ఫోకస్ కుదుర్చుకునే ఫిల్మ్ కెమెరా) కొనాలనుకునేవాళ్లు ముందు లెన్స్ గురించి ఆరా తీస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది బ్యాటరీ. అది అయిపోయిన రోజున కెమెరా ఏ మేరకు పనిచేస్తుందన్న దగ్గరే ఈ మూడింటికీ అసలు తేడా. లెన్సులకేం, మూడూ మంచివే.

యాషికా ఎలక్ట్రో 35 వచ్చింది 1966లో. 45 ఎం.ఎం. ఎఫ్/1.7 లెన్స్. ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకోవాలన్నది) మీరు పెడితే షట్టర్ స్పీడ్ (ఫిల్మ్‌పై వెలుతురు ఎంతసేపు పడాలన్నది) సంగతి అదే చూసుకుంటుంది. వెలుతురు తక్కువైతే పసుపు లైటు, మరీ ఎక్కువైతే ఎర్ర లైటు. ఇంతకంటే సులువైనది ఈ మూడింట్లో లేదు. కాకపోతే ఆ స్పీడ్ ఎంతో చెప్పదు, మనల్ని ఎంచుకోనివ్వదు. బ్యాటరీ లేకుండా నొక్కితే ఎండైనా నీడైనా సెకనులో 1/500 వంతు స్పీడే. పైగా దానికోసం చేసిన 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు, అడాప్టర్‌తో వేరేది వేసుకోవాలి. కొనేముందు ఫిల్మ్ తిప్పే లివర్ తిప్పి చూడండి. లోపల టక్కుమని చప్పుడు రావాలి. రాలేదంటే లోపలి చిన్న రబ్బరు ప్యాడ్ పాడైపోయి ఉండొచ్చు, ఇక ఎక్స్‌పోజర్‌ను (ఫిల్మ్‌కు అందే వెలుతురు మోతాదును) నమ్మలేం.

1972 నాటి కెనానెట్ క్యూఎల్17 జీ3 పద్ధతి దీనికి తలకిందులు. స్పీడ్ మీరు పెట్టాలి, 40 ఎం.ఎం. ఎఫ్/1.7 లెన్స్‌లో ఎపర్చర్ అది చూసుకుంటుంది. బ్యాటరీ పోతే వెలుతురు కొలిచే మీటర్, దాంతో నడిచే ఆటో మాత్రమే పోతాయి; ఎపర్చర్ కూడా మీరే పెట్టుకోవాలి. 1/4 నుంచి 1/500 దాకా స్పీడ్లన్నీ మామూలుగా పనిచేస్తాయి. దీనికీ 1.35 వోల్టుల మెర్క్యురీ బెడద ఉంది. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ వెలుతురును ఎక్కువగా లెక్కేస్తుంది, ఫొటోలు నల్లబడతాయి. వినికిడి యంత్రాలకు వాడే జింక్-ఎయిర్ బ్యాటరీ సరిపోతుంది, లేదా డయల్ మీద ఏఎస్‌ఏ (ఫిల్మ్ వేగం అంకె) కాస్త తగ్గించి పెట్టుకోవచ్చు. కలర్ నెగెటివ్ అయితే కొంచెం తేడాను ఓర్చుకుంటుంది, స్లైడ్ ఫిల్మ్ ఓర్చుకోదు.

సోవియట్ జోర్కీ-4కి (1956) బ్యాటరీ గొడవే లేదు, ఎందుకంటే మీటరే లేదు. స్క్రూ మౌంట్ (లెన్స్‌ను మరలా తిప్పి బిగించే అమరిక) కాబట్టి లెన్సులు మార్చుకోవచ్చు, ఆ సదుపాయం మిగతా రెండింటికీ లేదు. కానీ దాని పట్టింపులు దానికున్నాయి. ముందు ఫిల్మ్ తిప్పాలి, ఆ తర్వాతే స్పీడ్ మార్చాలి. వరస తప్పితే లోపలి మెకానిజం దెబ్బతినొచ్చు. షట్టర్ గుడ్డతో చేసింది, లెన్స్ మూత తీసి సూర్యుడికి ఎదురుగా వదిలేస్తే చిల్లు పడుతుంది. ఎక్స్‌పోజర్ అంచనా వేయడం వచ్చినవాళ్లకు ఇష్టమైన కెమెరాయే, మొదటి రీలుకు మాత్రం టెన్షన్.

ఈ మూత విషయంలోనే మూడింటి బుద్ధులూ బయటపడతాయి. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్ లోంచి కాదు. మూత ఉన్నా వ్యూఫైండర్‌లో అన్నీ చక్కగా కనిపిస్తాయి. యాషికా మీటర్ కన్ను బాడీ ముందు భాగంలో ఉంటుంది కాబట్టి మూత ఉందని దానికి తెలియదు. జోర్కీకి ఎలాగూ తెలియదు. కెనానెట్ కన్ను లెన్స్ రింగులోనే ఉంది. మూత వేసి ఉంటే దానికి అంతా చీకటే, ఆటోలో షట్టర్ పడనే పడదు. నా ఓటు కెనానెట్‌కు పడడానికి ఇదీ ఒక కారణం.

లైకా ఎం3 (1954) మాటేమిటంటారా? దృశ్యాన్ని దాదాపు అసలు సైజులోనే చూపే 0.91 రెట్ల వ్యూఫైండర్‌తో ఈ మూడింటినీ పక్కన కూర్చోబెడుతుంది. కానీ అంత డబ్బు పెట్టేముందు ఈ రకం కెమెరా మీకు నప్పుతుందో లేదో తేల్చుకోండి.

ఏది కొన్నా ఫోకస్‌ను ఇన్ఫినిటీలో పెట్టి దూరంగా ఉన్న స్తంభాన్ని చూడండి. రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. పక్కకే కాదు, పైకీ కిందికీ కూడా తేడా ఉండకూడదు. మధ్యలోని ఫోకస్ మచ్చ వెలిసిపోయి ఉంటే వ్యూఫైండర్ ముందు అద్దం నడిమధ్యలో చిన్న నల్ల టేపు ముక్క అంటించి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.