స్టీల్‌హెడ్‌కి వంద డాలర్ల లోపు స్పిన్నింగ్ రీల్: నాలుగు చలికాలాలు వాడాక

పెట్టె మీద ‘10+1 బేరింగులు’ అని పెద్ద అక్షరాల్లో కనిపిస్తే దానికి పడిపోకండి. స్టీల్‌హెడ్ చేపల వేటలో చవక రీల్ (గాలం రాడ్‌కి బిగించి దారం చుట్టే పరికరం) నిలబడాలన్నా, పరువు తీయాలన్నా మూడు చోట్లే: డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) కదలడం మొదలుపెట్టే తీరు, దారాన్ని రీల్ మీదికి మళ్లించే బెయిల్ తీగ చివర ఉండే చిన్న గిలక (లైన్ రోలర్ అంటారు), పిడి వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్. ఈ మూడింటి గురించి పెట్టె మీద పనికొచ్చే ముక్క ఒక్కటీ ఉండదు.

సియాటిల్‌కి తూర్పున ఉన్న స్కైకోమిష్, స్నోక్వాల్మీ నదుల మీద నాలుగు చలికాలాలు మూడు రీళ్లు వాడి రాస్తున్న సమీక్ష ఇది. ఒకటి అల్యూమినియం బాడీ, రెండు గ్రాఫైట్ బాడీ. మూడూ 70 నుంచి 100 డాలర్ల మధ్య కొన్నవే. వాటిలో బయటపడ్డ లోపాలకు కంపెనీ పేర్లు తగిలించడం లేదు. అవి ఆ ధరతో పాటు వచ్చే లోపాలు, ఎవరి రీల్ కొన్నా కనీసం ఒకటైనా ఎదురవుతుంది.

స్టీల్‌హెడ్ అంటే సముద్రానికి వెళ్లి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌటే. ఇక్కడ చలికాలపు రన్ (సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే వలస) డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. మామూలుగా 3 నుంచి 5 కిలోలు, అరుదుగా 8 కిలోలు దాటినవీ తగులుతాయి. గాలానికి పడగానే నీళ్ల పైకి ఎగురుతుంది, 50 మీటర్లు దిగువకు ఒక్క పరుగు తీస్తుంది, ఆగి తల విదిలిస్తుంది, మళ్లీ పరుగు. ఒక్కోసారి మీ వైపే దూసుకొస్తుంది. చాలా చోట్ల ముల్లు లేని కొక్కెమే వాడాలి కాబట్టి దారం ఒక్క క్షణం వదులైతే చేప పోయినట్టే. రీల్‌ని పరీక్షించేది చేప బరువు కాదు, ఈ ఆగడం, పరుగెత్తడం, మళ్లీ ఆగడం.

సైజు సంగతి త్వరగా తేల్చేద్దాం. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర అడుగుల, 8–12 పౌండ్ల లాగుడు తట్టుకునే దారానికి చేసిన రాడ్‌కి 3000 లేదా 4000 సైజు సరిపోతుంది. కానీ ఈ నంబర్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. షిమానోలో C3000 అంటే 2500 బాడీ మీద 3000 స్పూల్ (దారం చుట్టుకునే చక్రం). అందుకని నంబరు వదిలేసి స్పూల్ మీద రాసిన కెపాసిటీ చూడండి. 10 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్ దారం) 150 గజాలకు తక్కువ పడితే ఈ నదులకు చాలదు. పొడవాటి రాడ్‌కి మరీ తేలిక రీల్ పెడితే కొస బరువుగా అనిపించి సాయంత్రానికి మణికట్టు పట్టేస్తుంది. 250–320 గ్రాముల రీల్ పెట్టుకుంటే కుదురుగా ఉంటుంది. ‘ఎంత తేలికైతే అంత మంచిది’ అనే మాట ఆరడుగుల రాడ్‌కి చెల్లుతుంది కానీ ఇక్కడ చెల్లదు.

డ్రాగ్

గరిష్ఠ డ్రాగ్ 9 కిలోలు, 10 కిలోలు అని గొప్పలు రాసి ఉంటాయి. స్టీల్‌హెడ్‌కి వాడేది అందులో ఎనిమిదో వంతు. 10 పౌండ్ల లీడర్ (కొక్కేనికి ముందు కట్టే దారపు ముక్క) అంటే 4.5 కిలోలకి తెగేది, అందులో పావు వంతు, అంటే 1.1 కిలోల దగ్గర డ్రాగ్ జారాలి. అసలు ప్రశ్న ఆ 1.1 కిలోల దగ్గర అది ఎంత మెత్తగా కదులుతుందనేదే.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కూరగాయలు తూచే చిన్న స్ప్రింగ్ కాటా చాలు. దారాన్ని రాడ్ రింగులన్నింటిలోంచీ తీసి, కొసను కాటా కొక్కేనికి కట్టి, రాడ్ వంగేలా పట్టుకుని మెల్లగా వెనక్కి నడవండి. రింగుల దగ్గర రాపిడి కూడా లెక్కలోకి రావాలి కాబట్టి నేరుగా రీల్ నుంచి లాగి కొలిస్తే తక్కువ చూపిస్తుంది. కాటా ముల్లు ఎక్కడిదాకా వెళ్లాక స్పూల్ కదిలింది, కదిలాక ఎక్కడ నిలబడింది అన్న రెండు అంకెలూ రాసుకోండి. 1.2 దగ్గర కదిలి 1.1 దగ్గర నడిస్తే మంచి డ్రాగ్. 1.7 దాకా బిగబట్టి, టక్కున వదిలి 1.1కి పడిపోయేదైతే లీడర్ తెగేది సరిగ్గా ఆ మొదటి కుదుపులోనే. పది నిమిషాలు కదపకుండా ఉంచి మళ్లీ కొలవండి. చాలా చవక రీళ్లు తప్పేది ఈ రెండో కొలతలో. నదిలోనూ అంతే కదా, గంటలకొద్దీ ఊరికే ఉన్న డ్రాగ్ ఒక్కసారిగా జారాల్సి వస్తుంది.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. దారం బయటికి పోతున్నకొద్దీ స్పూల్ మీద చుట్ట సన్నబడుతుంది, డ్రాగ్ మాత్రం అదే బిగువులో ఉంటుంది. చుట్ట వ్యాసార్ధం 22 మిల్లీమీటర్ల నుంచి 18కి తగ్గితే 1.1 కిలోలు కాస్తా 1.34 అవుతుంది. దీనికి ప్రవాహంలో వంపు తిరిగిన దారం మీద నీటి ఒత్తిడి కూడా తోడవుతుంది. చేప దూరం పోయేకొద్దీ డ్రాగ్ బిగించాలని చెయ్యి ఉబలాటపడుతుంది. అప్పుడు చెయ్యాల్సింది ముట్టుకోకుండా వదిలేయడం, లేదా పావు చుట్టు వదులు చెయ్యడం. మనవైపు కొరమీను పట్టిన చెయ్యి డ్రాగ్ పూర్తిగా బిగించి నాచులోంచి లాగేయడానికి అలవాటుపడి ఉంటుంది. ఆ అలవాటు ఇక్కడ మొదటి చేపతోనే పోతుంది, చేపతో పాటు.

వాషర్లు రెండు రకాలు. నూనె పట్టించిన ఫెల్ట్ వాషర్లు తక్కువ బిగువులో నిజానికి చాలా మెత్తగా కదులుతాయి. కానీ నీళ్లు చేరితే ఉబ్బుతాయి, గడ్డకట్టే ఉదయం ఆ తడే మంచై స్పూల్‌ని పట్టేస్తుంది. కార్బన్ వాషర్లు పొడిగా ఉంటే కాస్త గరగర అంటాయి, డ్రాగ్ గ్రీజు పలచగా రాస్తే చలికీ తడికీ తట్టుకుంటాయి. చలికాలపు వేట కోసమే కొంటుంటే కార్బన్ తీసుకోండి. ఫెల్ట్ ఉన్న రీల్ ఇప్పటికే ఉంటే పారేయనక్కర్లేదు. డ్రాగ్ నాబ్ కింద రబ్బరు సీలు ఉందో లేదో చూడండి, ఇంటికొచ్చాక నాబ్ విప్పి రాత్రంతా ఆరనివ్వండి.

డ్రాగ్ సరిగా లేకపోతే నష్టం లీడర్‌తో ఆగదు. కుదుపుకి భయపడి వదులుగా పెట్టుకుంటాం, చేప ఒడ్డుకి రావడానికి రెట్టింపు సమయం పడుతుంది. వీపు వెనక, తోకకి కాస్త ముందు ఉండే చిన్న కండరెక్క చెక్కుచెదరకుండా ఉంటే అది అడవి చేప (హేచరీలో పెంచింది కాదు), ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో వదిలేయాలి. వదిలేయాల్సిన చేపని నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడం కూడా నిబంధనకు విరుద్ధం. అలసి సొలసిపోయిన చేప వదిలాక బతకడం కష్టం.

గిలక, క్లచ్

గిలకకి పరీక్ష ఒక్క చుక్క. మార్కర్ పెన్నుతో గిలక మీద చుక్క పెట్టి, దారానికి తడి చెయ్యి అడ్డుపెట్టి కొంచెం బిగువు ఇస్తూ పిడి తిప్పండి. చుక్క తిరుగుతూ కనిపించాలి. నిలబడిపోయిందంటే దారం గిలక మీద దొర్లడం లేదు, రాసుకుంటోంది. బ్రెయిడ్ (సన్న పోగులు అల్లిన దారం) రాపిడికి కొన్ని నెలల్లో గిలక మీద వెంట్రుకంత గాడి పడుతుంది, ఆ గాడి దారాన్ని నూలునూలుగా చీలుస్తుంది. మోనో అయితే మెలికలు పడి, బెయిల్ తెరవగానే స్ప్రింగులా బయటికి దూకుతుంది. నా మూడు రీళ్లలో రెండింటికి రెండో చలికాలంలోపే గిలక పట్టేసింది. కారణం బేరింగు లేకపోవడం కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు చలికి మైనంలా గట్టిపడడం, దాంట్లోకి సన్న ఇసుక చేరడం.

బాగుచెయ్యడానికి పావుగంట పడుతుంది. బెయిల్ చేతి మీద ఒకే స్క్రూ ఉంటుంది. తెల్ల గుడ్డ పరిచి, విప్పేటప్పుడు ఒక్కో ముక్కనీ వచ్చిన వరసలో పెట్టి ఫోటో తీసుకోండి. ఒక ప్లాస్టిక్ బుష్, గిలక, ఒకటో రెండో సన్న వాషర్లు వస్తాయి. వాషర్ తిరగబడితే గిలక మళ్లీ పట్టేస్తుంది కాబట్టి ఏ వైపు ఎటు ఉందో చూసుకోవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పలచటి రీల్ నూనె ఒక్క చుక్క వెయ్యండి. చలికాలంలో గిలకకి గ్రీజు వద్దు.

ఇక క్లచ్. సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందున్న ఉదయం, బెండు మునిగింది, రాడ్ ఎత్తారు, పిడి వెనక్కి పావు చుట్టు గిర్రున తిరిగి వేళ్ల మీద కొట్టింది. కొక్కెం దిగలేదు. మధ్యాహ్నానికి అదే రీల్ నిక్షేపంగా పనిచేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే ఏ లోపమూ కనిపించదు. చలికాలంలో చవక రీళ్ల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే.

రోటర్ (స్పూల్ చుట్టూ తిరుగుతూ దారం చుట్టే భాగం) కింద సన్నటి సూదుల్లాంటి రోలర్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. ఒక్కోదాని వెనక చిన్న స్ప్రింగు, దాన్ని ఏటవాలు గాడిలోకి నెడుతుంది. పిడి ముందుకి తిప్పితే రోలర్లు వదులవుతాయి, వెనక్కి తిరగబోతే గాడిలో ఇరుక్కుని బిగుస్తాయి. ఆ స్ప్రింగుల బలం చాలా తక్కువ. గేర్ల దగ్గరి గ్రీజు పాకి క్లచ్‌లోకి చేరితే, చలికి చిక్కబడి రోలర్లని పట్టి ఉంచుతుంది, అవి సమయానికి బిగుసుకోవు. కొత్త రీల్‌కి ‘మంచిది కదా’ అని ధారాళంగా నూనె పోసినవాళ్లకి ఈ తిప్పలు ఎక్కువ.

పిడి తీసి, రోటర్ నట్టుకి అడ్డంగా ఉన్న చిన్న పట్టీ స్క్రూ విప్పి, నట్టు తీస్తే రోటర్ పైకి వస్తుంది. నట్టుది కొన్ని రీళ్లలో ఎడమ మర, కాబట్టి బలం పెట్టేముందు ఏ వైపు తిరగాలో చూడండి. క్లచ్‌ని ముక్కలుగా విప్పకండి, స్ప్రింగులు ఎగిరిపోతే దొరకవు. మొత్తంగా తీసి ఆల్కహాల్‌లో ఊపి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, టూత్‌పిక్ కొసతో పలచటి నూనె తాకించాలి. తాకించడమే, పొయ్యడం కాదు. నవంబర్‌లో ఒకసారి ఇలా చేసుకుంటే ఆ సీజన్ గడిచిపోతుంది.

దారం, నిష్పత్తి, పిడి

బెండు వేటకి 30 పౌండ్ల బ్రెయిడ్ (దాదాపు 0.28 మిల్లీమీటర్ల మందం) వాడండి. సన్నది విసరడానికి బాగున్నా గాలికి ముడులు ఎక్కువ పడతాయి. బ్రెయిడ్ నున్నటి స్పూల్ మీద మొత్తంగా జారుతుంది, డ్రాగ్ పాడైందేమోనని భ్రమ కలుగుతుంది. అందుకే అడుగున పది చుట్లు మోనో వేసి దానికి బ్రెయిడ్ కట్టాలి. స్పూల్ అంచుకి 2 మిల్లీమీటర్లు కింద ఆపండి. అంచుదాకా నింపితే మూడో విసురుకే పక్షిగూడులాంటి చిక్కుముడి తయారవుతుంది. విసిరాక బెయిల్‌ని చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగాకే పిడి తిప్పండి. పిడి తిప్పి మూసే అలవాటుతో స్పూల్ మీద వదులు చుట్టు పడుతుంది, తర్వాతి విసురులో ముడయ్యేది అదే. పైగా చవక రీల్‌లో బెయిల్ స్ప్రింగు, ట్రిప్ లివర్ (బెయిల్‌ని మూసే మీట) ముందుగా అరిగేది ఆ దెబ్బలకే.

సున్నా కిందకి పోయినప్పుడు బ్రెయిడ్ నీళ్లు పీల్చి మోసుకొచ్చి రింగుల్లో మంచు కట్టిస్తుంది. ఆ రోజుల్లో 10 పౌండ్ల మోనోయే నయం. కాబట్టి రెండో స్పూల్ విడిగా దొరికే మోడల్ అయితే పది డాలర్లు ఎక్కువైనా అదే కొనండి.

గేర్ నిష్పత్తి (పిడి ఒక్క చుట్టుకి రోటర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) విషయంలో ఒకటే మాట: బెండుకి 6.2:1, స్పిన్నర్లకీ స్పూన్లకీ (నీళ్లలో లాగితే మెరిసే లోహపు ఎరలు) 5.2:1. బెండు వేటలో నీళ్ల మీద పరుచుకున్న వదులు దారాన్ని లాక్కోవాలి, చేప మీ వైపు పరుగెడితే ఇంకా వేగంగా లాక్కోవాలి. స్పిన్నర్‌ని నది అడుగున తాపీగా తిప్పాలంటే వేగంగా చుట్టే రీల్‌తో చెయ్యి నిదానించదు. రెండూ చేసేవాళ్లు 5.6 దగ్గర సర్దుకోవచ్చు.

పిడి నేరుగా గేర్‌లోకి మరతో బిగిసేది కావాలి. బాడీలోంచి దూర్చి అవతల మూతతో బిగించే రకం రెండో సీజన్‌కి గడగడలాడుతుంది. నాబ్ పెద్దదిగా ఉండాలి, నియోప్రీన్ గ్లవుజుల్లో బఠాణీగింజంత నాబ్ దొరకదు.

పేర్లు చెప్పమంటే: తడి, చలి, మొరటు వాడకం అయితే డైవా బీజీ. అల్యూమినియం బాడీ, కార్బన్ డ్రాగ్, మర పిడి ఉన్నాయి. బదులుగా బరువు మొయ్యాలి. ఎక్కువగా స్పిన్నర్లు విసిరేవాళ్లకి, సెప్టెంబర్ అక్టోబర్‌లలో వేసవి రన్ చేపకి ఫ్లూగర్ ప్రెసిడెంట్ చాలు. గ్రాఫైట్ బాడీ, 5.2:1, నూనె ఫెల్ట్ డ్రాగ్, ధర ఇంకా తక్కువ. జనవరి ఉదయాలకి మాత్రం నేను మొదటిదే పట్టుకెళ్తాను.

దుకాణంలో చూసేటప్పుడు డ్రాగ్‌ని కొంచెమే బిగించి స్పూల్‌ని వేలితో చాలా మెల్లగా తిప్పండి, ఎక్కడైనా ఆగి ఆగి కదిలితే పక్కన పెట్టెయ్యండి. పిడిని వెనక్కి ఇరవైసార్లు టక్‌టక్ మనిపించండి, ప్రతిసారీ ఒకే చోట ఆగాలి. రోటర్‌ని పట్టుకుని ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, కొద్దిగా కదిలితే పర్వాలేదు, శబ్దం రాకూడదు. సీల్ చేసిన పెట్టె తెరవనివ్వకపోతే షెల్ఫ్ మీద ప్రదర్శనకి పెట్టిందాన్ని అడగండి. వందమంది తిప్పిన ఆ రీల్ ఇంకా మెత్తగా ఉంటే కొత్తదాని గురించి అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.