పైమాల్ ప్రీసెట్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను. ఏడేళ్లుగా పైమాల్ తెరవని వారం లేదు. ప్రోటీన్ల లాంటి అణువుల ఆకారాన్ని తెర మీద త్రీడీలో చూపించే సాఫ్ట్‌వేర్ ఇది, వారెన్ డిలానో 2000లో బయటికి తెచ్చాడు. 2010 నుంచి ష్రోడింగర్ కంపెనీ చేతిలో ఉంది. ఓపెన్ సోర్స్ రూపం ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది, మా ల్యాబ్‌లో ఉన్నది అదే.

పిల్లలు నేర్చుకునే మొదటి విద్య కుడివైపు వరుసలో ‘ఏ’ నొక్కి ప్రీసెట్, అంటే బొమ్మ ఎలా కనపడాలో ముందే అమర్చి పెట్టిన పద్ధతి, ఎంచుకోవడం. సింపుల్, ప్రెటీ, పబ్లికేషన్, టెక్నికల్, లిగాండ్ సైట్స్, బి ఫ్యాక్టర్ పుట్టీ, ఇలా చాలా ఉన్నాయి. అప్పటిదాకా నూలు ఉండలా చిక్కుపడి ఉన్న ప్రోటీన్ ఒక్క నొక్కుతో రిబ్బన్లుగా, బాణాలుగా విడిపోతుంది. ఆ క్షణంలో క్లాసంతా నిశ్శబ్దం. అందుకైనా వీటికి దండం పెట్టాలి.

నేను ఎప్పుడూ తెరిచేది 1హెచ్ఎస్‌జి అనే ప్రోటీన్ ఫైలు. అందులో ఉన్నది హెచ్‌ఐవి వైరస్ ఎంజైమ్ ప్రోటియేజ్, దాని నడుమ ఇండినావిర్ మందు. ఒక్కోటి 99 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు. మందు మీద మూతలా వాలే రెండు ఫ్లాపులు. ఫ్లాపుల కొసనున్న 50వ ఐసోల్యూసిన్లకీ మందుకీ మధ్య ఒకే ఒక్క నీటి అణువు, ఫైల్లో దాని నంబరు 308. అటు రెండు చేతులు, ఇటు రెండు చేతులు వేసి రెండింటినీ కలిపి పట్టుకుని ఉంటుంది. 1994లో వచ్చిన సైక్లిక్ యూరియా మందులను ఆ నీటిని తోసేసి దాని చోట కూర్చునేలా డిజైన్ చేశారు. అంత ముఖ్యమైన చుక్క అది.

ఒకసారి ప్రెటీ పెట్టి ఈ నీటి గురించి పది నిమిషాలు ఊదరగొట్టాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఆ నీళ్లు యాడుండాయి మేడం?" అంది. చూద్దును కదా, తెర మీద లేవు. ప్రెటీ నీళ్లన్నిటినీ దాచేస్తుంది. పబ్లికేషన్‌దీ అదే పద్ధతి. ‘విత్ సాల్వెంట్’ (నీళ్లతో సహా) అని అదే మెనూలో వేరే వరుస ఉంది. మెనూ తప్పేం లేదు, చదవకుండా నొక్కింది నేను.

పబ్లికేషన్‌లో ఇంకో మెలిక ఉంది. అందం కోసం లూపులను (వంకర తిరిగే తీగల్లాంటి భాగాలను) నున్నగా చేస్తుంది, బీటా పట్టీలను (బాణాలుగా కనపడే వాటిని) చదును చేస్తుంది. అంటే రిబ్బన్ అసలు పరమాణువుల మీదుగా పోదు, పక్కనుంచి జారిపోతుంది. మామూలుగా చూస్తే తెలియదు. 25వ ఆస్పార్టిక్ ఆమ్లాన్ని కడ్డీలుగా చూపించబోతే మాత్రం అది రిబ్బన్‌కి అంటకుండా గాల్లో వేలాడుతుంది. ఎంజైమ్ పని జరిగేదే దాని దగ్గర! కార్టూన్ స్మూత్ లూప్స్, ఫ్లాట్ షీట్స్ రెండూ సున్నా చేస్తే అతుక్కుంటుంది. రెడీమేడ్ జాకెట్ కొన్నా భుజం దగ్గర టైలర్‌తో ఒక కుట్టు వేయించుకుంటాం కదా, అంతే.

లిగాండ్ సైట్స్‌కి మాత్రం నూటికి తొంభై వేస్తాను. లిగాండ్ అంటే ప్రోటీన్‌ని అంటుకునే అణువు, ఇక్కడ మందు. దాని చుట్టూ ఉన్న రెసిడ్యూలను (అమైనో ఆమ్లాలను), పోలార్ కాంటాక్టులను (హైడ్రోజన్ బంధాల్లాంటి వాటిని) చుక్కల గీతలతో తెచ్చి ముందు పెడుతుంది. మా దగ్గర ప్రాజెక్టంటే సగం మంది ఎర్రచందనం అంటారు. శేషాచలం పక్కనే ఉన్నాం మరి. ఆ చెక్కలోని టెరోస్టిల్‌బీన్ అనే పదార్థం ప్రోటీన్‌లో ఎక్కడ కూర్చుంటుందో కంప్యూటర్లో అంచనా వేసి (దీన్నే డాకింగ్ అంటారు) ఫలితం తెరిచినప్పుడు మందు ఒక ఆబ్జెక్ట్, ప్రోటీన్ ఇంకో ఆబ్జెక్ట్. ప్రోటీన్ వరుసలో ప్రీసెట్ నొక్కి "మందు కనపడలా" అంటారు. పైనున్న ‘ఆల్’ వరుసలో నొక్కాలి.

పుట్టీతో జాగ్రత్త. స్ఫటికం నుంచి వచ్చిన ఫైల్లో బి ఫ్యాక్టర్ (పరమాణువు ఎంత కదులుతుందో చెప్పే అంకె) ఎక్కువైన చోట గొట్టం లావెక్కుతుంది, అక్కడ కదలిక ఎక్కువని అర్థం. ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఏఐ ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే మోడల్లో అదే గడిలో ఉండేది నమ్మకం స్కోరు, 0 నుంచి 100 దాకా. గట్టిగా నమ్మదగిన భాగమే లావుగా, ఎర్రగా వస్తుంది. ఒక పిల్లాడు దాన్ని తిరగేసి చదివి రెండు పేజీల చర్చ రాశాడు. పాపం, రాత మాత్రం ముత్యాల్లా ఉంది.

ప్రీసెట్ నొక్కితే అప్పటిదాకా వేసుకున్న రంగులు, దాచినవి, చూపినవి చెదిరిపోతాయి. అందుకే ముందు ప్రీసెట్, తర్వాత నా చేతిపని. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అంచులతో రే ట్రేస్ (నాణ్యమైన తుది బొమ్మ), 308వ నీరు, ఇవన్నీ ఒక చిన్న స్క్రిప్టులో రాసి పెట్టాను. పిల్లలు పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతారు.

రంగుల మాటొకటి. ప్రెటీ గొలుసు మొదటి కొసను నీలంగా, చివరి కొసను ఎర్రగా వేస్తుంది. తెర మీద బ్రహ్మాండం. రిపోర్టు బాలాజీ కాలనీలో జిరాక్స్ తీయిస్తే రెండూ ఒకే బూడిద రంగు. ఇప్పుడు బైండింగ్‌కి ఇచ్చే ముందు ఒక్క పేజీ నలుపు తెలుపులో తీయించి తెమ్మంటున్నాను.